తెల్లగా వదిలిన చోటు

వీధి చివరి ఇల్లు,
వరండా.

అమ్మడూ!

నా అభిప్రాయాన్ని తొలగించారు! నిజం తల్లీ, నా నోటితో నేను చెప్పి టైపు చేయించిన నా సొంత అభిప్రాయాన్ని మీ ఆరోగ్య శాఖ వాళ్లు చదివి, ఆలోచించి, పనిగట్టుకుని మరీ తొలగించారు!

ఆశీస్సులూ అవీ చివర్లో రాస్తాను, ముందు ఈ సంతోషం పంచుకోనీ. ఫోన్‌లోనే చెబుదామనుకున్నాను గానీ, నీ గొంతు వినపడగానే మీ అమ్మ ఫోన్ లాక్కుని తన కాలి పుండు సంగతి మొదలుపెడుతుంది. నా వంతు వచ్చేసరికి నువ్వు "సరే నాన్నా, ఉంటా" అంటావు. ఉత్తరంలోనైతే మధ్యలో లాక్కునేవాళ్లుండరు.

జరిగింది చెబుతాను విను. మన వీధి ఆసుపత్రిలో నర్సమ్మను తీసేసి, ఆమె స్థానంలో ఒక యంత్రాన్ని పెడతారట. దాని అసలు పేరు చాలా పొడుగు, పూర్తిగా పలికేలోపు రోగం ముదిరిపోతుంది. అందుకని వీధిలో అందరం డాక్టరు డబ్బా అంటున్నాం. మనిషంత ఎత్తు, నుదుట కెమెరా, పొట్ట దగ్గర చీటీ బయటికొచ్చే సందు. పరీక్ష కోసమని ఒకదాన్ని తెచ్చి ఆసుపత్రి గుమ్మంలో నిలబెట్టారు. సైన్సు మన గుమ్మంలోకి వస్తే కాదంటామా? మీ అమ్మను ఆటోలో ఎక్కించుకుని తీసుకెళ్లాను.

"నమస్కారం. దయచేసి ముఖాన్ని కెమెరా ముందు ఉంచండి" అంది డబ్బా.

"పుండు కాలికి నాయనా, ముఖానికి కాదు" అంది మీ అమ్మ.

"క్షమించండి, అర్థం కాలేదు. ముఖాన్ని కెమెరా ముందు ఉంచండి."

"నా ముఖంలో ఏముంది చూడ్డానికి? కావాలంటే ఈయన్నడుగు, ఇన్నేళ్లుగా చూస్తున్నాడు, ఒక్క రోగమైనా కనిపెట్టాడేమో!"

చివరికి చీటీ వచ్చింది. "రోజూ అరగంట వేగంగా నడవండి" అని. వంటింట్లోంచి వరండాలోకి రావడానికి నా భుజం పట్టుకునే మనిషికి! మీ అమ్మ ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న మంచం కోడు కింద దోపింది. మంచం ఇప్పుడు కదలడం లేదు. కాబట్టి ఆ యంత్రం వల్ల ఉపయోగం లేదని మాత్రం నేను ఛస్తే అనను.

తర్వాత తెలిసింది, డబ్బా ఉండాలా వద్దా ప్రజలే చెప్పండి అని మీ శాఖ ఇంటర్నెట్‌లో ఒక పేజీ పెట్టిందట. వెళ్లి జిరాక్సు షాపు అమ్మాయి పక్కన కూర్చుని ఇలా చెప్పి రాయించాను:

"అయ్యా, మీ యంత్రం తెలివైనదే కావచ్చు. కానీ నా భార్య కాలు చూపిస్తే ముఖం చూపించమంది. మా నర్సమ్మ ముఖం చూసే కాలి నొప్పి ఎంతుందో చెప్పేది. ఆమెను తీసేస్తే కట్టు ఎవరు కడతారు? ఆమెను తీసేయమన్న కాగితం మీద సంతకం పెట్టిన పెద్దమనిషి రోజు విడిచి రోజు వచ్చి కట్టు కడతానంటే నాకే అభ్యంతరమూ లేదు. గోరువెచ్చని నీళ్లు నేను కాచి ఇస్తాను. ఇట్లు, ఆపరేటరు."

మర్నాడు జిరాక్సు అమ్మాయి పరుగెత్తుకొచ్చి ఫోన్ చూపించింది. "మీ అభిప్రాయం నిబంధనలకు అనుగుణంగా లేనందున తొలగించబడినది."

నాకు కాళ్లు నేల మీద నిలవలేదనుకో. ఆలోచించు! సినిమా హాల్లో ప్రొజెక్టరు ఆడిస్తూ జీవితమంతా గడిపాను, బొమ్మ మసకబారినప్పుడు తిట్టడానికి తప్ప ఎవరూ పైకి చూడలేదు. కరెంటు ఆఫీసుకు రాశాను, బస్సుల వాళ్లకు రాశాను, పత్రికకు రాశాను. అవుననడం సరికదా, కాదని కూడా ఎవరూ అనలేదు. ఇన్నాళ్లకు ఒక పెద్ద అధికారి నా మాట చదివి, కుర్చీలో నిటారుగా కూర్చుని, "ఇది ఉంటే ప్రమాదం" అనుకున్నాడు. నా మాట! ప్రమాదం! మీ అమ్మకు చెబితే, "ఇంట్లో నేను రోజూ తీసేస్తున్నాగా, ఎప్పుడైనా ఇంత సంబరపడ్డారా?" అంది.

సెలూన్ ఆయన ముఖం మాడిపోయింది. పాపం, "యంత్రం చాలా బాగుంది, అభినందనలు" అని రాశాడు. అది అలాగే పడి ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. అన్నిటికంటే పైన ఎవరిది ఉందో తెలుసా? మీ పెద్దమ్మది! "సైన్సును అడ్డుకునేవాళ్లు చీకట్లోనే ఉండిపోతారు. నర్సులు అలిసిపోతారు, యంత్రం అలిసిపోదు" అట. మీ అమ్మ అది నాచేత చదివించుకుని, "నా కాలు ఇలా ఉంటే మా అక్క డబ్బా వైపు చేరిందా?" అని, ఇకమీదట ఇంట్లో ఆవిడ ఊసెత్తొద్దంది. కాబట్టి మా ఇంటి నిబంధనల ప్రకారం మీ పెద్దమ్మ కూడా తొలగించబడినది.

నువ్వు ఆ శాఖ ప్రధాన కార్యాలయంలోనే ఏదో కంప్యూటరు పని చేస్తావుగా, నా మాట తీసిన మహానుభావుడెవరో కనుక్కో. ఒక్కసారి దండం పెట్టుకోవాలి.

బోలెడు ఆశీస్సులతో,
తొలగించబడిన మీ నాన్న.

*

ప్రధాన కార్యాలయం,
క్యాంటీను మూల బల్ల.

నాన్నా,

అభినందనలు. నోరు మూయించినందుకు ఇంత పొంగిపోయిన పౌరుడు మా శాఖకు ఇంతకుముందు దొరికి ఉండడు. ఈ సంగతి మా డైరెక్టరుకు తెలిస్తే తొలగింపును కూడా ఒక సంక్షేమ పథకంగా ప్రకటిస్తాడు.

నేనూ ఉత్తరమే రాస్తున్నాను. ఆఫీసులో ఫోన్లు బయట పెట్టెలో పెట్టించుకుంటారు, రోజంతా తెర చూశాక గదికెళ్లి ఇంకో తెర చూడాలనిపించదు.

ముందు డబ్బా సంగతి. అది మొద్దు కాదు. దాన్ని తయారుచేసింది కళ్లు చూడ్డానికి. కంటి ఫొటో తీసి, లోపల మొదలయ్యే జబ్బుల్ని ముందే పట్టేస్తుంది. అందుకే ముఖం అడిగింది. నర్సు అనే మనిషిని ఎన్నడూ చూడని ఊళ్లున్నాయి, అక్కడ అది దేవుడే. కళ్లు చూసేదాన్ని తెచ్చి కాళ్లు కూడా చూడమన్నది మా వాళ్లు. అలిసిపోదన్న పెద్దమ్మ మాటలో సగం నిజం ఉంది. ఆ సగం అమ్మకు చెప్పకు.

తొలగించినాయన సంగతి. పెద్ద అధికారిని ఊహించుకోకు. ఎవరో చిన్న జీతం మనిషై ఉంటారు, ముందు చల్లారిన టీ, చూడాల్సినవి ఇంకా వందలు. వాటిలో బూతులుంటాయి, బెదిరింపులుంటాయి, అమ్మకానికి పాత ఫ్రిజ్‌లుంటాయి. మొన్న ఒకాయన తన అల్లుడి గురించి మూడు పేజీలు రాశాడు. ఆ చెత్త ఎవరో ఒకరు ఊడ్చాలి కదా నాన్నా. ఊడ్చేవాళ్లందరూ దుర్మార్గులు కారు. నీ దాంట్లో చెత్తేమీ లేదు, అది నాకు తెలుసు.

ఇక రాయకు. దయచేసి. కారణం అడక్కు.

అమ్మ కాలు ఎలా ఉంది? జోకులు వేయకుండా చెప్పు.

నీ
అమ్మడు.

*

వీధి చివరి ఇల్లు,
వరండా (వాన జల్లు కొడుతోంది, అక్షరాలు చెదిరితే అది వాన రాసినట్టు).

అమ్మడూ,

నీ ఉత్తరం మీ అమ్మకు చదివి వినిపించాను. సగం నిజం అన్న ముక్క దాటేశాను. చూశావా, నాకూ ఆ ఉద్యోగం వచ్చు.

రాయకు అన్నావు, నేను రాయలేదు. కానీ వీధి వీధంతా రాస్తోంది! నా కీర్తి చూసి ఒక్కొక్కరికీ నిద్ర పట్టడం లేదు. సెలూన్ ఆయన పట్టుబట్టి రెండోసారి రాశాడు, ఉండిపోయింది. మూడోసారి కూడా ఉండిపోయేసరికి నా దగ్గరకొచ్చి, "బాబాయ్, నాలో ఏం లోపం?" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. దగ్గరుండి రాయించాను. పోయింది! ఆ తొలగింపు కాగితాన్ని ప్రింటు తీయించి, ఫ్రేము కట్టించి, అద్దం పక్కన తగిలించాడు. గడ్డం గీయించుకోవడానికి వచ్చినవాడు తల తిప్పకుండా అదే చదవాలి.

లెక్కల మాస్టారిది మాత్రం విషాదం. డబ్బాకు ఎంత ఖర్చు, నర్సమ్మకు ఎంత ఖర్చు అని పెద్ద వ్యాసం రాశాడు, పట్టికలతో సహా. ఎవరూ తీయలేదు. వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎందుకు తీయలేదంటారు?"

"మాస్టారూ, ఏమీ అనుకోకండి, చదివి ఉండరు."

"అంత బాగా రాశానే!"

"అదే మరి. కాస్త కత్తిరిద్దాం, ఇలా తెండి."

అమ్మడూ, ఈ పనిలో నాకొక రహస్యం దొరికింది. రోగం గురించి రాయి, ఉంటుంది. డబ్బా రంగు బాగాలేదని రాయి, ఉంటుంది. మంత్రిని నాలుగు మాటలనూ, అది కూడా ఒక పూట ఉంటుంది. కానీ నర్సమ్మ ఉండాలి అన్నావా, టీ తాగి వచ్చేలోపు మాయం. మాస్టారి వ్యాసమంతా కోసేసి ఆ ఒక్క వాక్యం పెట్టాను. సాయంత్రానికి తొలగించారు. ఆయన నా చెయ్యి పట్టుకుని వదలడే! జిరాక్సు అమ్మాయి ఇప్పుడు తొలగింపుకు ప్రత్యేకంగా ఒక క్యూ పెట్టింది.

డబ్బా పక్కన నిలబడితే నా వాచీ నెమ్మదిస్తోందని ఇంకో అభిప్రాయం రాద్దామనుకున్నాను, నువ్వు నవ్వుతావని మానేశాను.

జోకులు వేయకుండా చెప్పమన్నావు. సరే. నర్సమ్మకు కాగితం వచ్చింది, వచ్చే నెలాఖరుతో ఆఖరు. మొన్న కట్టు విప్పి, పుండు కడిగి, బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసి చెప్పింది. "బాబుగారూ, ఇప్పుడిప్పుడే మానుతోంది. రోజు విడిచి రోజు శుభ్రం చేయకపోతే మాత్రం బొటనవేలు తీసేయాల్సి వస్తుంది. మీ చూపుతో మీరు చేయలేరు, నేను వెళ్లేలోపు ఎవరినైనా చూసుకోండి." లోపల మీ అమ్మ, "ఏమిటా గుసగుసలు?" అని అరిచింది. "నీ కాలు అందంగా ఉందంటోంది" అన్నాను.

ఇది మీ అమ్మకు చెప్పలేదు. నీకు చెప్పాను.

ఆ అధికారి ఎవరో కనుక్కున్నావా? రోజూ మా వీధివన్నీ చదువుతున్నాడు కదా, ఆయన మీద ప్రేమ పుట్టుకొచ్చింది. లావుపాటి మీసాలు, బల్ల మీద గంట, ఒంటరి మనిషి అనుకుంటున్నాను. వేళకు తింటాడో లేదో కనుక్కో.

ఆశీస్సులతో,
నాన్న.

*

ప్రధాన కార్యాలయం,
మేడ మెట్ల కింద.

నాన్నా,

వేళకు తినడం లేదు. మీసాలు లేవు. గంట కూడా లేదు, అడిగితే బడ్జెట్టు లేదన్నారు.

ఆ అధికారి నేనే.

సమాచార విభాగంలో కంప్యూటరు పని అని చెప్పాను కదా. అబద్ధం కాదు, నిజాన్ని కాస్త కత్తిరించి చెప్పాను. ప్రజాభిప్రాయ పేజీలో రోజూ వచ్చేవన్నీ చదివి, ఉంచాల్సినవి ఉంచి, తీయాల్సినవి తీయడం నా పని. బూతులూ ఫ్రిజ్‌లూ తీసినన్నాళ్లూ ఏమీ అనిపించలేదు. తర్వాత డైరెక్టరు వచ్చి నోటితో చెప్పాడు, కాగితం మీద కాదు. "నర్సుల ఊసున్నవి ఉంచకండి. నిర్ణయం ఎలాగూ అయిపోయింది, ప్రజలను అనవసరంగా కంగారు పెట్టడం ఎందుకు?" నిర్ణయం అయిపోయాక అభిప్రాయాలు ఎందుకు సార్ అని అడిగాను. "ప్రజాస్వామ్యం కదమ్మా" అన్నాడు. నవ్వకుండా అన్నాడు నాన్నా, అదీ ఆయన ప్రతిభ.

నీది వచ్చినప్పుడు మొదటి వాక్యానికి తెలియలేదు. "గోరువెచ్చని నీళ్లు నేను కాచి ఇస్తాను" దగ్గర తెలిసింది. తిట్టడం మొదలుపెట్టి సాయం చేస్తానని ముగించే మనిషి నాకు తెలిసి ఒక్కడే. మళ్లీ మొదటినుంచి చదివాను. నవ్వాను. పక్క బల్ల ఆవిడ "ఏమిటీ?" అంది. ఏమీ లేదని చెప్పి మీట నొక్కాను.

ఉంచితే ఏమయ్యేదంటావేమో. ఆపరేటరు ఎవరో ఆరా తీస్తే, తన తండ్రి మాటను ఉంచుకుందని నన్ను పంపేసేవాళ్లు. ఈ ఉద్యోగం ఎన్ని పరీక్షలు రాస్తే వచ్చిందో నీకు తెలుసు. అందుకని భయపడ్డాను. గొప్ప కారణం ఏదైనా చెబుదామని చూశాను, దొరకలేదు.

వీధివన్నీ కూడా నేనే తీశాను. సెలూన్ ఆయన ఫ్రేము కట్టించుకున్న కాగితం నేను పంపిందే. మాస్టారి వ్యాసం చదవలేదన్నావు, మొత్తం చదివాను. లెక్కలన్నీ కరెక్టు. అందులో నర్సమ్మ అన్న మాట లేదు, ఖర్చు పట్టికలో "మానవ వనరు" అని ఉంది, అందుకని బతికిపోయింది. నువ్వే చంపావు.

వేలు సంగతి చదివాక టీ చల్లారిందో లేదో కూడా తెలియలేదు.

అమ్మడు.

*

వీధి చివరి ఇల్లు.

గౌరవనీయులైన తొలగింపు అధికారిణి గారి సముఖానికి, ఆపరేటరు రాయునది.

తమరి ఉత్తరం అందినది. చదివితిమి. తమరి తల్లిగారికి కూడా వినిపించితిమి, వేలు వాక్యం మినహా. ఆమె కడుపు పట్టుకుని నవ్వినారు. కాలికి పుండు లేచాక ఆమె అంతలా నవ్వడం ఇదే మొదలు, "పెద్ద అధికారట, కుర్చీలో నిటారుగా కూర్చున్నాడట!" అని నన్ను వెక్కిరిస్తూ వక్కముక్క పొలమారేదాకా నవ్వినారు. వీధిలో మాత్రం ఎవరికీ చెప్పలేదు. సెలూన్ ఆయన గుండె ఆగుతుంది.

సరే, ఇది నాకు చేతకావడం లేదు. అమ్మడూ, నిజం చెప్పనా? గాలి తీసేసినట్టయింది. ఒక పరాయి మనిషి నా మాట విని ఉలిక్కిపడ్డాడనుకున్నాను. తీరా చూస్తే నా కూతురు. నువ్వు నా మాట చదవడంలో విశేషమేముంది, పుట్టినప్పటినుంచీ వింటున్నావు.

ఒక్కటి మాత్రం అడగాలి. హాల్లో ఉన్నప్పుడు నాకూ కాగితాలొచ్చేవి. ఫలానా రీల్లో ఫలానా మాట తీసేయండి అని. బ్లేడుతో కోసి, జిగురు పెట్టి అతికేవాణ్ణి. ఉద్యోగం, తప్పదు. కానీ ఆ కొసనూ ఈ కొసనూ నేరుగా కలిపేవాణ్ణి కాదు. మధ్యలో జానెడు తెల్ల ఫిల్ము ముక్క అతికేవాణ్ణి. అక్కడికి రాగానే తెర తెల్లగా మెరిసేది. ఇక చూడు, హాలంతా ఈలలే! "కోసేశార్రోయ్!" అని ఒకటే గోల. ఓనరు రొప్పుతూ పైకొచ్చి, "నేరుగా అతికితే ఎవడికీ తెలియదు కదయ్యా!" అనేవాడు. "అందుకేనండీ అతకంది" అనేవాణ్ణి. ఆట అయ్యాక బయటికెళ్తూ జనం ఆ తెలుపు గురించే మాట్లాడుకునేవాళ్లు. కోసిన మాట ఏమై ఉంటుందో ఒక్కొక్కడూ ఒక్కోటి కల్పించేవాడు. అసలుదానికంటే అవే బాగుండేవి.

నువ్వు కోశావని నాకు బాధ లేదు తల్లీ. నేరుగా అతికావే, అదీ బాధ. పైన మీ పెద్దమ్మ, కింద నీ కన్నుగప్పి మిగిలిన పాత ఫ్రిజ్ అమ్మేవాడు, మధ్యలో నేనెప్పుడూ లేనట్టే.

ఉంటాను. నీళ్లు కాగుతున్నాయి, నర్సమ్మ వచ్చే వేళయింది.

నాన్న.

*

గది,
కిటికీ పక్క మంచం.

నాన్నా,

నీ ఉత్తరం బ్యాగులో పెట్టుకుని వారం తిరిగాను. తర్వాత ఒక మీటింగు జరిగింది.

మా డైరెక్టరుకు పారదర్శకత అన్న మాటంటే ప్రాణం. ఆయన గది అద్దాలకు లోపల మందపాటి తెరలుంటాయి, అది వేరే సంగతి. ఈసారి ఉత్తమ పారదర్శక శాఖ బహుమతి మనకే రావాలి, ఆలోచనలు చెప్పండి అన్నాడు. నేను లేచాను.

"సార్, తొలగించిన ప్రతి అభిప్రాయం చోటా ఒక తెల్ల గడి ఉంచుదాం. మనం ఎంత శ్రద్ధగా పరిశీలిస్తున్నామో జనానికి కనబడుతుంది."

"బాగుంది, బాగుంది. ఎన్ని ఉంటాయేమిటి అలాంటివి?"

"కొన్ని ఉంటాయి సార్."

కొన్ని అన్నదానికి ఏ శాస్త్రంలోనూ హద్దు లేదు కదా. సంతకం పెట్టేశాడు.

మర్నాడు పేజీ తెరిస్తే, పైన పెద్దమ్మ ఒక్కతే. కింద వేలితో తోసుకుంటూ పోతే తెలుపు, తెలుపు, తెలుపు. మధ్యలో అక్కడక్కడా నా కన్నుగప్పిన ఒక ఫ్రిజ్. నీ ఈలలు మధ్యాహ్నానికి మొదలయ్యాయి. ఒక పత్రిక ఆ పేజీ ఫొటోను అలాగే వేసింది, కింద ఒక్క ముక్క కూడా రాయలేదు. రాయాల్సిన అవసరమేముంది? ఆ గడుల్లో ఏముందో జనం ఎవరికి వాళ్లే ఊహించుకుంటున్నారు. డబ్బా పేలుతుందట, డబ్బా రాత్రిపూట మాట్లాడుతుందట, డబ్బా మంత్రిగారి బావమరిదిదట. మొదటి రెండూ అబద్ధం. మూడోది నాకు తెలియదు.

డైరెక్టరు నన్ను పిలిచాడు. ముఖం ఎర్రగా ఉంది. "ఎవరి ఆలోచన ఇది?" అని మొదలుపెట్టాడో లేదో ఫోన్ మోగింది. పైనుంచి ఎవరో పెద్దాయన, ఇంత ధైర్యంగా ఏ శాఖా చేయలేదు, ఎవరి ఆలోచనయ్యా అని మెచ్చుకుంటున్నాడు. మా డైరెక్టరు నన్నే చూస్తూ, "నాదేనండీ" అన్నాడు.

కానీ నా మీద సంజాయిషీ నోటీసు సగం టైపు చేసి ఆయన బల్ల మీదే ఉంది, నా కళ్లతో చూశాను. పత్రికలో ఫొటో చూశాక డబ్బాల సంగతి మళ్లీ తేల్చమని పైవాళ్లు ఒక కమిటీ వేశారు, మిగతా సగం దాన్ని బట్టి. సోమవారం కమిటీ కూర్చుంటుంది. డబ్బాలకు సరేనంటే నర్సమ్మా పోతుంది, నేనూ పోతాను.

పోతే ఇంటికొస్తాను. కట్టు కట్టడం నేర్చుకుంటాను. నీళ్లు నువ్వు కాచి ఇవ్వు.

అమ్మడు.

*

వీధి చివరి ఇల్లు,
వరండా, ఎండ.

అమ్మడూ, నర్సమ్మ ఉంటోంది! ఉంటోందే తల్లీ, ఉంటోంది!

నువ్వు ఫోన్ చేసి చెప్పావని తెలుసు, నీ ఉద్యోగం నిలిచిందనీ తెలుసు. కానీ ఆ ఫోన్ మొత్తం మీ అమ్మే మాట్లాడింది, నాకు దక్కింది "సరే నాన్నా, ఉంటా" ఒక్కటే. కాబట్టి నా సంతోషం నేను రాసుకుంటాను.

కమిటీలో ఎవరో ముసలాయన, "ప్రజలు ఒప్పుకున్నారంటున్నారు, మరి ఈ తెల్ల గడుల్లో ఏముంది, చదవండి" అన్నాడటగా? చదివిస్తూ కూర్చున్నారటగా, నాది కూడా! గోరువెచ్చని నీళ్ల దగ్గర కమిటీ మొత్తం నవ్విందటగా! సంతకం పెట్టినాయన నవ్వాడో లేదో నువ్వు అమ్మకు చెప్పలేదు, నాకు రాయి.

ఇంతకీ పెద్దల తీర్మానం చూశావా, ఎంత అందంగా ఉందో! డబ్బా వద్దని అనలేదు, అంటే పరువు పోతుంది. నర్సమ్మను ఉంచుతామనీ అనలేదు, అంటే తప్పు ఒప్పుకున్నట్టు. "యంత్రానికి శిక్షణ పూర్తయ్యే వరకు నర్సు కొనసాగును." శిక్షణ పూర్తయిందని సంతకం పెట్టాల్సింది ఎవరట? నర్సమ్మే! "ఏమ్మా, ఎప్పటికి నేర్చుకుంటుందేమిటి?" అని అడిగాను. "మొద్దు బాబుగారూ, చాలా మొద్దు. నేను రిటైరయ్యేదాకా పట్టేట్టుంది" అంది, కట్టు కడుతూ.

మీ అమ్మ వేలు నిలిచింది. ఇప్పుడు చెప్పాను ఆవిడకు. "నాకు అప్పుడే తెలుసు. మీరు కాలు అందంగా ఉందన్నప్పుడే అనుకున్నా, ఏదో ముంచుకొచ్చిందని" అంది. పెళ్లయ్యాక నేను చేసిన ఒకే ఒక్క పొగడ్త అలా దొరికిపోయింది.

అయితే వీధిలో పెద్ద అన్యాయం జరిగింది. తీసినవన్నీ తిరిగి పెట్టేశారు కదా మీరు! సెలూన్ ఆయన ఫ్రేము తీసి లోపల దాచుకున్నాడు. మాస్టారు మాట్లాడటం మానేశాడు. తీసేసినప్పుడు ఊరంతా చదవాలనుకుంది, పెట్టాక ఒక్కరూ చదవడం లేదు. నాది నేనే వెళ్లి రెండుసార్లు చదివించుకుని వచ్చాను. మీ డైరెక్టరుకు బుద్ధి ఉంటే, ఎవరూ పట్టించుకోకూడదనుకున్నవాటిని జాగ్రత్తగా, అందరికీ కనబడేట్టు పెట్టేవాడు. ఈ మాట ఆయనకు చెప్పకు, అమలు చేస్తాడు.

ఇక నీకు కొత్త పని ఇచ్చారట, ఇకమీదట తీసిన ప్రతిదాని గడిలో ఎందుకు తీశారో కారణం రాయాలట. రాయి తల్లీ. కారణం రాయలేనిది తీయకు.

ఇంకో సంగతి, ఇది గుట్టుగా ఉంచు. మొన్న మీ అమ్మకు ఆసుపత్రిలోనే కట్టు కట్టించాం, ఆ కడుతున్నంతసేపూ ఊరికే కూర్చోలేక డబ్బా ముందు ముఖం పెట్టాను, వెక్కిరిద్దామని. చీటీ ఇచ్చింది. కుడికంట్లో శుక్లం ముదిరిందట. నర్సమ్మ పెద్దాసుపత్రికి రాసిచ్చింది, అక్కడి డాక్టరు చూసి నిజమేనన్నాడు. బొమ్మ మసగ్గా ఉందని హాల్లో నన్ను తిట్టినవాళ్లందరికీ ఇప్పుడు నా క్షమాపణ. వచ్చే నెల ఆపరేషను. డబ్బా గురించి నా అభిప్రాయం మాత్రం మారలేదు. పూర్తిగా మారలేదు.

ఆ చీటీని మీ అమ్మ మంచం కోడు కింద పెట్టలేదు. చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చుంది. "అలిసిపోదు అంది కదూ" అని తనలో తనే అనుకుంది.

సరే, నర్సమ్మ ఉంటోందనీ, మీ అమ్మ వేలు నిలిచిందనీ అందరికీ చెప్పాలి. నాకు ఫోన్ దక్కదు, నువ్వే చెయ్యి.

మీ పెద్దత్తయ్యకు చెప్పు, నిదానంగా, మధ్యలో ఏడుస్తుంది.

మీ బాబాయికి చెప్పు, భోజనం అయ్యాకే. ఖాళీ కడుపుతో ఏ వార్త విన్నా పోట్లాడతాడు.

పెద్దమామయ్యకు గట్టిగా చెప్పు, వినపడదు. చిన్నమామయ్యకు మెల్లిగా చెప్పు, ఎవరికీ చెప్పొద్దని మరీ చెప్పు. మిగతా చుట్టాలకు మనం ఫోన్ చేయనక్కర్లేదు.

మీ అత్తయ్య కూతురికి, నువ్వు సెన్సారు అధికారివని కూడా చెప్పు. కాస్త కుళ్లుకోనీ.

[                                        ]

ఈ పైన ఒకరున్నారు, మీ అమ్మ పక్కనే కూర్చుని తీయించింది. నేరుగా అతకబోతే చెయ్యి పట్టుకుని ఆపి, తెల్లగా వదలమన్నదీ ఆవిడే. అందరికంటే ముందు అక్కడికి ఫోన్ చెయ్యి.